ఎరవు వేదికలు, మీటల ఫోనులు

పత్తి యమ్మకపు దినములలో ఆదిలాబాదు మార్కెట్టు యార్డు ముంగిట నొక గడియ నిలిచి చూచువారికి బండ్ల బారులకంటె ముందుగా వేరొక దృశ్యము కంటబడును. తలకు రుమాలు చుట్టిన ముసలి రైతు మీటల ఫోను నొకదానిని పిడికిట బట్టుకొని, పెద్ద ఫోను గల కుర్రవాడెవడైన కనబడునా యని నలుదెసల జూచుచుండును. 2025వ సంవత్సరమున భారత పత్తి సంస్థవారు మద్దతు ధరకు పత్తి నమ్మదలచిన రైతు ‘కపాస్ కిసాన్’ అను యాప్‌లో తన పేరును, భూమి వివరములను నమోదు చేసికొని, సరకు తెచ్చు దినమునకు స్లాటు తీసికొనవలెనని ఏర్పాటు చేసిరి. ఆ యాప్ మీటల ఫోనులో నడువదు. కావున విత్తినది తానైనను, ఏరించినది తానైనను, అమ్ముటకు మాత్రము అల్లునినో, పొరుగింటి విద్యార్థినో, వారును లేకున్న రుసుము గొను దుకాణదారునినో యాశ్రయింపవలసినదే. దళారిని తొలగింతుమని వచ్చిన యంత్రము రైతు ప్రక్కన మరియొక దళారిని కూర్చుండబెట్టుచున్నది.

మేము యంత్రద్వేషులము కాము. రాత్రులు యార్డు బయట బండిమీద పండుకొను బాధ స్లాటువలన తగ్గినచో సంతసింతుము. కాని యిట్టి యేర్పాట్లు చేయువారు ఒక చరిత్రను పూర్తిగ మరచినట్లు మాకు తోచుచున్నది. నేడు పనికిరానిదని త్రోసిపుచ్చబడుచున్న యా చిన్న ఫోనుమీదనే పదునైదు, ఇరువది యేండ్లకు పూర్వము మన జిల్లా పిల్లలు కొందరు ప్రోగ్రాములు వ్రాసి నడిపించిరి. వారు పడిన పాట్లు, నేర్చిన మెలకువలు, తుదకు పోగొట్టుకొన్న సొత్తు ఎట్టివో తెలిసినగాని నేటి తగవు బోధపడదు.

2003లో నోకియా కంపెనీవారు విడుదల చేసిన 1100 అను ఫోను మన పల్లెలకు సుపరిచితము. దుమ్ము దూరని మీటలు, తలపై చిన్న టార్చి, దినముల తరబడి నిలుచు బ్యాటరీ. దానిలో కంపెనీవారు పెట్టి పంపిన సరంజామాయే తప్ప బయటివాడు వ్రాసిన ప్రోగ్రాము దూరుటకు సందు లేదు. ఆ సందు జావా ఫోనులతో తెరచుకొన్నది. సన్ మైక్రోసిస్టమ్స్ అను అమెరికా కంపెనీవారి జావా భాషను చిన్న యంత్రములకు తగినట్లు కుదించి 2000లో నొకమారు, 2002లో మరియొకమారు నియమావళిని ప్రకటించిరి. ఒకమారు వ్రాసిన చాలును, ఎచ్చటనైన నడచునని వారి మాట. ఆచరణలో నది నెరవేరలేదు. ఒక ఫోను తెర 128 చుక్కల చతురస్రము. వేరొకదానిది 128కి 160. ఇంకొకదానిది 240కి 320. ఒకే పనిముట్టును ఫోనుకొక కొలతగా, దర్జీ చొక్కాలు కుట్టినట్లు, మరల మరల కుట్టవలసివచ్చెను. తొలినాటి నోకియా సిరీస్ 40 ఫోనులు కొన్నిటిలో ప్రోగ్రామంతయు 64 కిలోబైట్లకు మించరాదు. నేడు ఫోనుతో తీయు నొక్క ఫోటో దానికి పదుల రెట్లుండును.

మరియొక వైపున సింబియన్ వేదిక. లండనులోని సయాన్ కంపెనీవారు చేతి కంప్యూటర్లకై నిర్మించిన దానినుండి యది పుట్టినది. 1998లో నోకియా మొదలగు కంపెనీలు కూడి దానిని ఫోనులకు మలచినవి. జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతములనుండి గల్ఫు దేశములకు వలసపోయిన సోదరులు సెలవుపై వచ్చునపుడు తెచ్చిన ఖరీదైన ఫోనులలో ననేక మీ జాతివే. మన యూళ్లకు సింబియన్‌ను తెచ్చినది దుకాణములకంటె దుబాయి పెట్టెలే యనిన తప్పు కాదు.

2008 ప్రాంతమున ఇంజనీరింగు చదువు ముగించిన యువకుడొకడు మా వకాలతు గదికి వచ్చెను. అతడు జమ్మికుంట యార్డులో పత్తి, మక్కల ధరలను తెలుపు చిన్న జావా ప్రోగ్రాము నొకదానిని వ్రాసియుండెను. ప్రతి సాయంకాలము తానే ధరలు విచారించి యెక్కించును. ఫోను వానిని జీపీఆర్‌ఎస్ ద్వారా దింపుకొనును. ఫోనులో తెలుగు లిపి లేదు గనుక అక్షర మక్షరమును చిన్న బొమ్మగా గీచి, ఆ బొమ్మలను ప్రక్కప్రక్కన పేర్చి మాటలు చేసెను. ఉన్న కొద్దిపాటి చోటులో సగము బొమ్మలకే పోయినది. అందుచేత అతడు తన భాషను తగ్గించుకొనెను. పత్తి, మక్కలు, వడ్లు, క్వింటాలు, నిన్న, నేడు: ఇంతకు మించి యా ప్రోగ్రామునకు తెలుగు రాదు. ఈ మాటలకు కావలసిన యక్షరములను మాత్రమే గీచెను. చూచి మేము నవ్వితిమి. పిదప నవ్వినందుకు సిగ్గుపడితిమి.

అతనికొక చిక్కు గలదు. రుజువు ముద్ర లేని ప్రోగ్రాము ధరను తెచ్చుటకు ప్రయత్నించిన ప్రతిమారును ఫోను ‘అనుమతింతువా?’ అని యింగ్లీషున ప్రశ్నించును. రైతు భయపడి ‘కాదు’ అను మీట నొక్కును, ధర రాదు. ఆ ప్రశ్న రాకుండవలెనన్న ప్రోగ్రామునకు విదేశీ కంపెనీలు డాలర్లకు విక్రయించు ముద్ర కావలయును. సింబియన్‌లోనైతే 2006నుండి వచ్చిన క్రొత్త ఫోనులలో ముద్ర లేనిదే ముఖ్యమైన పనులు సాగనే సాగవు. ఈ కట్టడిని మేము పూర్తిగ నిందింపము. 2004లో ‘కాబిర్’ అను పురుగు బ్లూటూత్ ద్వారా ఒక సింబియన్ ఫోనునుండి మరియొకదానికి ప్రాకినది. తలుపునకు గొళ్లెము కావలసినదే. కాని యా గొళ్లెపు ఖరీదు ఒక పెద్ద కంపెనీకి చిల్లర లెక్క, కరీంనగరపు నిరుద్యోగికి కొన్ని నెలల భోజనము.

అతడు మాకడకు వచ్చినది మరియొక పనికి. ఫోను కంపెనీల జాబితాలలో ప్రోగ్రాములను చేర్పించు మధ్యవర్తి సంస్థ యొకటి అతనికి ఇరువది పుటల ఒప్పందమును పంపియుండెను. చదివితిమి. రాబడిలో పెద్ద భాగము ఫోను కంపెనీది, మిగిలినదానిలో సగము మధ్యవర్తిది, కడపటి చిల్లర వ్రాసినవానిది. ప్రోగ్రామును ఏ కారణమును చెప్పకయే తొలగింపవచ్చును. వ్యాజ్యము వచ్చినచో దూరపు మహానగరములోని మధ్యవర్తి యెదుట తేల్చుకొనవలెను. కౌలునామాలు, కుదువపత్రములు చూచి పండిన మా కన్నులకు ఇంత యేకపక్షమైన పత్రము అంతకు ముందు తగులలేదు. సంతకము చేయవలదంటిమి. అతడు చేయలేదు. ఆ ప్రోగ్రాము హోటళ్లలో చాయి త్రాగుచు బ్లూటూత్ మీద ఒకరికొక రిచ్చుకొనగా కొన్ని పదుల ఫోనులకు చేరి, అచ్చటనే యాగిపోయినది. ఆ యువకుడు బెంగుళూరునకు పోయి ఒక బ్యాంకు లెక్కల ప్రోగ్రాములు వ్రాయు నుద్యోగమున చేరెను. మా సలహా న్యాయశాస్త్రమున తప్పు కాదు. మక్కల రైతునకు మేలు చేసినదా యని యిప్పటికిని సందేహింతుము.

ఇక లిపి సంగతి. ఫోనులో పంపు పొట్టి సందేశము రోమను లిపిలో నైన 160 అక్షరములు పట్టును. తెలుగులో నైన 70 మాత్రమే. ఆ డెబ్బదియు మన కంటి లెక్క కాదు. ‘స్త్రీ’ అని వ్రాసిన మనకొక్క యక్షరము, యంత్రమున కారు. కావున తెలుగున వ్రాసినవాడు రెండింతలో మూడింతలో రుసుము చెల్లింపవలసి యుండెను. పంపినను, అందుకొనువాని ఫోనులో లిపి లేకున్న చిన్నచిన్న చదరపు గడులు కనబడుటయే ఫలము. జను లేమి చేసిరి? రోమను లిపిలో తెలుగు వ్రాయ నేర్చిరి. 2011 సెప్టెంబరు 13న సకల జనుల సమ్మె మొదలైనపుడు కార్యకర్తలమైన మేమును అట్లే వ్రాసితిమి. ఆ నెల 27 నుండి ట్రాయ్‌వారు ఒక ఫోనునుండి దినమునకు నూరు సందేశములకు మించి పోరాదని దేశమంతటికి కట్టడి చేసిరి. అది వ్యాపార ప్రకటనల బెడద మాన్పుటకు చేసిన నియమము. మన సమ్మెతో దానికి నిమిత్తము లేదు. అయినను నూరవ సందేశముకడ మా వ్రేళ్లు నిలిచిపోయిన ఘట్టములు మాకు జ్ఞాపకమున్నవి. తంతి దినములలోనైనను మన కబురు రోమను లిపి దుస్తులు ధరించియే పోయెడిది. నూరేండ్లు గడచినను దుస్తులు మారలేదు.

ఆ కాలమున చిన్న ఫోనులో తెలుగు పుట చదువుటకు ఒక యుపాయముండెను. ఒపేరా మినీ యను బ్రౌజరులో ఒక రహస్యపు చిరునామాను కొట్టి, క్లిష్టమైన లిపులను బొమ్మలుగా చూపుమను గడిలో ‘అవును’ అని యుంచినచో, నార్వే దేశపు ఆ కంపెనీ యంత్రశాలలో తెలుగు పుట బొమ్మగా మారి మన ఫోనునకు వచ్చెడిది. పొరుగూరి ముచ్చట చదువుటకు మన యక్షరము సముద్రములు దాటి వేషము మార్చుకొని రావలసివచ్చినదన్న మాట. అయినను ఆ యుపాయమును కనుగొన్న విదేశీయులకు మేము కృతజ్ఞులము; మనవారెవ్వరును అపుడంత పని చేయలేదు.

యూనికోడు పట్టికలో తెలుగునకు 1991లోనే స్థానము లభించినది. 2008లో దుకాణములకు వచ్చిన ఆండ్రాయిడ్ వేదిక మూలములో తెలుగు ఒత్తులు, గుణింతములు సరిగా కుదురుకొన్నది 2012 నాటి 4.1 కూర్పుతోనే. పట్టికలో స్థానమునకును, పల్లెవాని చేతిలో కనబడుటకును నడుమ ఇరువదియొక్క సంవత్సరములు! 2018 ఫిబ్రవరిలో మరియొక వింత జరిగినది. ‘జ్ఞ’ అను సంయుక్తాక్షరము, దాని వెనుక కంటికి కనబడని విభాగ సంకేత మొకటి, దానిపై దీర్ఘము: ఈ కూర్పు గల సందేశము వచ్చినంతనే లక్షలు విలువ చేయు ఐఫోనుల యాప్‌లు కూలిపోయినవి. ఆ నెల 19న ఆపిల్ కంపెనీవారు 11.2.6 కూర్పును విడుదల చేసి దిద్దుకొనిరి. జ్ఞానమునకు మొదటి యక్షరమే యంత్రమునకు మింగుడుపడలేదని మన పత్రికలు పరిహసించినవి. మాకందు పరిహాసము తోచలేదు. కోట్ల జనులు వ్రాయు లిపిని విడుదలకు ముందు తగినంతగా పరీక్షింపలేదని దాని యర్థము.

ఆ తొలి వేదికలు నేడేవి? 2011 ఫిబ్రవరిలో నోకియావారు సింబియన్‌ను విడిచి మైక్రోసాఫ్టువారి వేదికకు పోవుదుమని చాటిరి. 2014 జనవరి 1 నుండి సింబియన్‌కు క్రొత్త ప్రోగ్రాములను స్వీకరించుట మానిరి. 2006లో మన పొరుగున శ్రీపెరుంబుదూరులో తెరచిన వారి మహా కర్మాగారము 2014 నవంబరు 1న మూతబడి వేలకొలది కార్మికులు వీధినబడిరి. ఏ వేదికనైతే నమ్మి పోయిరో ఆ విండోస్ ఫోను అంగడియు 2019లో మూయబడెను. బ్లాక్‌బెర్రీవారు తమ పాత ఫోనుల సేవలను 2022 జనవరి 4న నిలిపిరి. వ్యాపారములు పుట్టుట, గిట్టుట సహజమే. కాని వానితోపాటు ఆ వేదికలకై వ్రాయబడిన తెలుగు పంచాంగములు, పద్యసంపుటములు, ఆటలు, ధరల పట్టికలు గూడ గతించినవి. అచ్చు పుస్తకమైనచో ముద్రాశాల మూతబడినను ప్రతి నిలుచును. వేటపాలెములోనో, హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయములోనో పాత పత్రికలను నేటికిని తిరుగవేయవచ్చును. ఫోను ప్రోగ్రామునకు అట్టి భాషానిలయము మనకు లేదు.

నేడు అంగళ్లు రెండే మిగిలినవి. ఒకటి గూగుల్‌ది, రెండవది ఆపిల్‌ది. ముద్ర రుసుము తగ్గినమాట నిజమే. గూగుల్‌వారు ఒకేమారు 25 డాలర్లు, ఆపిల్‌వారు ఏటేట 99 డాలర్లు పుచ్చుకొందురు. ఆనాటి మధ్యవర్తి దోపిడితో పోల్చిన ఇది మేలని యొప్పుకొందుము. కాని అంగడిలో సాగు డిజిటలు విక్రయములపై నూటికి 15 మొదలు 30 వరకు వాటా గుంజు పద్ధతి మిగిలియున్నది. 2022 అక్టోబరులో మన పోటీ కమిషను గూగుల్‌పై రెండు తీర్పులు వెలువరించెను. ఆండ్రాయిడ్ విషయమున 1,337.76 కోట్ల రూపాయలు, అంగడి చెల్లింపుల విషయమున 936.44 కోట్లు జరిమానా. మొదటిదానిని అప్పీలు ట్రిబ్యునలు 2023 మార్చిలో నిలిపినది. రెండవదానిని 2025 మార్చిలో 216.69 కోట్లకు తగ్గించినది. 2024 మార్చి 1న వాటా తగవులో కొన్ని భారతీయ కంపెనీల యాప్‌లు అంగడినుండి మాయమై, కేంద్ర మంత్రులు కలుగజేసికొన్న పిదప తిరిగివచ్చినవి. ఢిల్లీలో పలుకుబడి గలవారికే యీ గతి పట్టినచో, 2020లో కరీంనగరమున తెరచిన ఐటీ టవరులో నాలుగు కుర్చీలు వేసికొని పనిచేయు పిల్లవాని మొర నెవరు వినగలరు?

దీనికి మందు స్వదేశీ వేదిక యని కొందరు మిత్రులు వాదింతురు. 2023లో మద్రాసు ఐఐటీవారు ప్రకటించిన భారోస్ మొదలగువానిని చూపుదురు. ఆ యత్నములను గౌరవింతుము. కాని యదియు ఆండ్రాయిడ్ బహిరంగ మూలముపై లేచిన యిల్లే యని మరువరాదు. ఖద్దరు ఉద్యమమున రాట్నము ప్రతి యింటను తిరిగినందున బలము వచ్చినది గాని, రాట్నముపై ‘స్వదేశీ’ యని పేరు చెక్కినందున కాదు. వేదిక యెవరిదైనను, దానిపై మన లిపి, మన మీటలు, మన ప్రోగ్రాముల మూలపాఠము మన వశమున నున్నవా యనునదే ప్రశ్న. భారతీయ ప్రమాణముల సంస్థ 2016లో చేసిన నియమమొకటి ఇట్టిదే. దేశమున విక్రయించు ప్రతి ఫోనును షెడ్యూలులోని 22 భాషలను చదువుటకు వీలుగ నుండవలెను. ఇంగ్లీషు, హిందీలతోపాటు మరియొక భారతీయ భాషలో వ్రాయుటకును వీలుండవలెను. నినాదము లేదు, పతాకము లేదు. కాని మీటల ఫోనులోనికి తెలుగును తెచ్చుటకు ఇట్టి నియమమే సాధనము.

ఆ 22లో గోండి లేదు. ఆదిలాబాదు వాసులము ఈ మాటను గొంతెత్తి చెప్పవలసియున్నది. 1943లో హైమెన్‌డార్ఫ్ పర్యవేక్షణమున మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైనపుడు వాచకములు గోండి భాషలోనే వ్రాయబడినవి. లిపి మాత్రము దేవనాగరి. గోండులకు స్వంత లిపి గలదన్న సంగతి తరువాత చాలకాలమునకు, నార్నూరు మండలములోని గుంజాల గ్రామపు వ్రాతప్రతులవలన లోకమునకు తెలియవచ్చినది. జయధీర్ తిరుమలరావుగారు మొదలగు పరిశోధకుల కృషి యిందు స్మరణీయము. 2018 జూనులో యూనికోడు 11వ కూర్పున గుంజాల గోండికి స్థానము దొరకినది. తెలుగునకు 1991లో దొరకినట్టి స్థానమే. ఉట్నూరు, జైనూరు, నార్నూరు మండలముల పిల్లవాడు తన ఫోనులో ఆ లిపిని వ్రాసికొనుటకు గూడ ఇరువదియొక్క సంవత్సరములు వేచియుండవలెనా?

అక్షరము రాకున్నను పని యాగదని చూపినవారును ఉన్నారు. మన పొరుగున ఛత్తీస్‌గఢ్ అడవులలో 2010నుండి శుభ్రాంశు చౌధరిగారు మొదలగువారు సీజీనెట్ స్వర యను ఏర్పాటును నడిపిరి. యాప్ లేదు, ఇంటర్నెట్టు అక్కరలేదు. ఒక సంఖ్యకు మిస్‌డ్ కాల్ ఇచ్చిన, యంత్రమే తిరిగి పిలుచును. గోండిలో తన యూరి కష్టమును చెప్పవచ్చును, ఇతరులు చెప్పినది వినవచ్చును. అడవిలోని చేతిపంపు చెడినదని చెప్పుటకు స్మార్టుఫోను కావలయునని వారనలేదు. ఉన్న ఫోనునుబట్టి పనిముట్టును మలచిరి. మా జమ్మికుంట యువకుడు చేసినదియు అదియే.

ఇట్టి పని ప్రభుత్వమునకు చేతగాదనరాదు. 2022 మార్చి 8న రిజర్వు బ్యాంకువారు మీటల ఫోనులనుండి సొమ్ము చెల్లించుటకు ‘యూపీఐ 123పే’ అను పద్ధతిని ప్రారంభించిరి. కాల్ చేసి, మీటలు నొక్కి, మిస్‌డ్ కాల్ ఇచ్చి డబ్బు పంపవచ్చును. సొమ్మునకు చేసిన సదుపాయము పత్తికేల చేయరాదు? న్యాయమును మన పక్షముననే యున్నది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, యాసిడు దాడికి గురియైనవారును అంధులును తెచ్చిన వ్యాజ్యములలో, డిజిటలు సేవల నందుకొను హక్కు రాజ్యాంగము 21వ అధికరణపు జీవనహక్కులో నంతర్భాగమని తీర్పు చెప్పినది. కన్ను లేనివానికి తెర తెరచుకొనవలెనన్న న్యాయము, తెర లేనివానికి వర్తింపదా? 2011 జనాభా లెక్కలలో ఉమ్మడి ఆదిలాబాదు జిల్లా అక్షరాస్యత నూటికి 61. అట్టిచోట స్మార్టుఫోనును, చదువును రెంటిని కలిపి తూము చేసి, ఆ తూముగుండ మాత్రమే మద్దతు ధర ప్రవహించునట్లు చేయుట మాకు సమంజసముగ తోచదు.

కావున మార్కెటింగు శాఖవారిని, పత్తి సంస్థవారిని మేము కోరునది స్వల్పము. యాప్ ఉండనిండు. దానితోపాటు తెలుగున, గోండిన పలుకు నొక ఫోను సంఖ్య యుండవలెను. రైతు మాటతోనో, మీటతోనో స్లాటు తీసికొన గలుగవలెను. ఆ రెంటికిని వీలు లేనివానికి యార్డు గుమాస్తా రుసుము లేక వ్రాసి యియ్యవలెను. ప్రజల సొమ్ముతో వ్రాయించిన ప్రోగ్రాముల మూలపాఠము ప్రజలకు లభ్యము కావలెను. గుత్తేదారు మారిన నాడు మొదటికి రాకుండవలెను. మన ఇంజనీరింగు కళాశాలలవారు విద్యార్థుల ప్రాజెక్టులకై ఊహాలోకపు అంగళ్లను గీయించుట మాని, గుంజాల లిపికి ఒక మీటల పలకను, యార్డు ధరలకు ఒక పలుకు సంఖ్యను చేయింతురేని, మార్కులకు మార్కులును దక్కును, ఊరికి పనియు జరుగును.

ఇంకొక మనవి. పాత జావా ఫోనులు, సింబియన్ ఫోనులు పనిచేయు స్థితిలో నున్నవారు, వానిలో తెలుగు ప్రోగ్రాము లేవైన మిగిలియున్నచో, పారవేయకుండ తమ యూరి గ్రంథాలయమునకు గాని మా కార్యాలయమునకు గాని తెలుపగోరెదము. జమ్మికుంట ధరల ప్రోగ్రాము ప్రతి యొకటి మాకు చిక్కినది. చార్జి పెట్టగా తెరచుకొన్నది. ‘నేడు’ అను మాట ప్రక్కన ధర లేదు, ఇంగ్లీషున ‘అనుమతింతువా?’ అను ప్రశ్న మాత్రము వచ్చినది.